పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: కొక్కెం దేనికి బిగించారన్నదే అసలు ప్రశ్న

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఎక్కువ భాగం బురదలో దిగబడిన బండ్ల గురించే ఉంటున్నాయి. వంజంగి కొండ దారిలోనో, అనంతగిరి దాటాక కాఫీ తోటల మధ్య మట్టిబాటల్లోనో ఇరుక్కున్న బండిని మరో బండితో లాగించడం, ఆ లాగుడులో బంపరు వంగడమో కొక్కెం ఊడిపోవడమో జరగడం, ఆ తరువాత విశాఖ నగరానికి తిరిగివచ్చి గట్టి టోయింగ్ హుక్కులు వేయించాలనుకోవడం దాదాపు అన్ని ఉత్తరాలలోనూ ఉన్న కథ. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నాది ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) మీద బాడీ కూర్చోబెట్టిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి. గత నెల వంజంగి వెళ్లినప్పుడు ఎర్రమట్టిలో చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. వేరే జీపు వాళ్లు నా ముందు బంపరుకు తాడు కట్టి లాగారు. బండి బయటపడింది గానీ బంపరు ఒక పక్క నాలుగు అంగుళాలు ముందుకు వచ్చేసింది. ఇప్పుడు రెండు ఫోర్జింగ్ హుక్కులు తెప్పించాను. వాటి మీద 10,000 పౌండ్లు అని ముద్ర ఉంది, బోల్టులు మాత్రం రాలేదు. కొత్త ఇనుప బంపరు వేసి దానికే వీటిని వెల్డింగ్ చేస్తానని మా మెకానిక్ అంటున్నాడు. అలా చేయించవచ్చునా? బోల్టులే మేలైతే ఏ బోల్టులు, ఎలా బిగించాలి?
— ఒక పాఠకుడు, మధురవాడ

సమాధానం: వెల్డింగ్ చేయించవద్దు. బంపరుకు అసలే బిగించవద్దు. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెబుతాను. కారణం తెలిస్తేనే మెకానిక్‌తో మీరు నిలబడి మాట్లాడగలుగుతారు.

మీ హుక్కు ఫోర్జింగ్ చేసినది, అంటే ఎర్రగా కాల్చి అచ్చులో సాగగొట్టి తయారుచేసినది. ఇటువంటి హుక్కులకు ఆ తరువాత మళ్లీ వేడిచేసి చల్లార్చే పద్ధతిలో బలాన్ని ఇస్తారు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బలం పోతుంది, లేదా అతుకు పక్కనే ఇనుము పెళుసుబారుతుంది. పైకి చూస్తే అతుకు చక్కగా, చేప పొలుసుల్లా వరుసగా కనబడవచ్చు. లోపల ఎంత లోతుకు కరిగి కలిసిందో కంటితో చెప్పలేము. రేవులో బరువులెత్తే గొలుసులు, షాకిళ్లు (పిన్నుతో మూసే ఇనుప కొండీలు) పరీక్షించే పనిలో నేను ముప్పయి ఏళ్లకు పైగా ఉన్నాను. అక్కడ కొక్కేనికి వెల్డింగ్ తగిలిందని తెలిస్తే దాన్ని ఆ రోజే పక్కన పడేసేవాళ్లం. అటువంటి కొక్కెం కింద మనిషి నిలబడకూడదనేది మాకు మొదటి పాఠం. మీ బండి కొక్కెం ముందు తాడు పట్టుకుని నిలబడేది మీ ఇంటివాళ్లో స్నేహితులో కాబట్టి ఇక్కడ జాగ్రత్త అంతకంటే తక్కువ ఉండడానికి వీల్లేదు.

ఇక బంపరు సంగతి. బంపరు ఎంత మందమైన రేకుతో చేసినా అది ఛాసిస్‌ను పట్టుకునేది కొన్ని చిన్న బోల్టులతోనే. పైగా ఇప్పటి బండ్లలో చాలావాటికి ఛాసిస్ కొనకూ బంపరుకూ మధ్య ఒక పెట్టె వంటి భాగం ఉంటుంది. కింద పడుకుని టార్చి వేసి చూడండి, దాని పక్కల మీద కావాలని వేసిన ముడతలు, గాడులు కనబడతాయి. గుద్దుకున్నప్పుడు ముందుగా అది నలిగి, దెబ్బ లోపలి మనుషుల దాకా రాకుండా ఆపాలి. నలిగిపోవడానికి చేసిన భాగానికి కొక్కెం బిగిస్తే రెండు నష్టాలు జరుగుతాయి. లాగినప్పుడు అది సాగుతుంది; లేదా మీరు మందపాటి పట్టీ వేసి దాన్ని బిగువు చేస్తే, ప్రమాద సమయంలో నలగవలసిన చోట నలగక, ఎయిర్‌బ్యాగులు ఎప్పుడు తెరుచుకోవాలో తేల్చే సెన్సార్ల లెక్క కూడా మారే అవకాశం ఉంది. కాబట్టి హుక్కు ఆ పెట్టెకు వెనక, అసలు ఛాసిస్ పట్టీకే బిగియాలి. మీ మోడల్ కోసమే తయారైన బ్రాకెట్ దొరికితే, కంపెనీ ముందే వేసిన రంధ్రాలకే అది కూర్చుంటుంది కాబట్టి, అదే కొనమని నా సలహా. కొనేముందు బండితో ఇచ్చిన పుస్తకం కూడా ఒకసారి తిరగేయండి. కింద కనబడే ప్రతి ఇనుప కన్నూ లాగడానికి పెట్టినది కాదు. కొన్ని కేవలం లారీ మీదో ఓడ మీదో బండిని కట్టివేయడానికి పెట్టినవి. అవి కిందికి లాగే బిగువును తట్టుకుంటాయి గానీ ముందుకు లాగే కుదుపును తట్టుకోవు.

ఎంత బలం పడుతుందో ఇప్పుడు చూద్దాం. మనుషులు, సామాను కలిపి మీ బండి 2 టన్నులు అనుకోండి. రికవరీ పని చేసేవాళ్లు వాడే మోటు లెక్క ప్రకారం చక్రాల మట్టానికి దిగబడితే బండి బరువంత, మడ్‌గార్డుల దాకా దిగబడితే దానికి రెట్టింపు లాగవలసి వస్తుంది. అంటే 2 నుంచి 4 టన్నులు. సాగే తాడుతో కుదుపు ఇచ్చి లాగితే ఇంకా పెరుగుతుంది. మీ హుక్కు మీది 10,000 పౌండ్లు అంటే సుమారు 4,536 కిలోలు. కొక్కేనికి ఆ శక్తి ఉంది సరే, దాన్ని పట్టుకునే బోల్టులకు ఉందా అన్నదే చూడాలి.

బోల్టు తల మీద చూడండి. 8.8 అనో 10.9 అనో ఉబ్బెత్తుగా అంకెలు, పక్కన తయారీదారు గుర్తు ఉంటాయి. మొదటి అంకెను వందతో హెచ్చిస్తే ఆ ఉక్కు తెగే బలం చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని వస్తుంది. చుక్క తరువాతి అంకె అందులో ఎన్ని పదో వంతుల దగ్గర బోల్టు శాశ్వతంగా సాగడం మొదలవుతుందో చెబుతుంది. అంటే 10.9 బోల్టు సుమారు 1,000 దగ్గర తెగుతుంది, 900 దగ్గర సాగుతుంది. తల మీద ఏ అంకే లేని బోల్టును 4.6 రకం అనుకోవడమే క్షేమం, అంటే 400. అంగుళాల బోల్టులైతే అంకెలకు బదులు గీతలు ఉంటాయి: మూడు గీతలు గ్రేడ్ 5, ఆరు గీతలు గ్రేడ్ 8. ఈ గ్రేడ్ 8 దాదాపు మన 10.9తో సమానం.

మీకు కావలసింది ఒక్కో హుక్కుకు రెండు చొప్పున ఎం12 సైజు (కాడ మందం 12 మిల్లీమీటర్లు) 10.9 హైటెన్సిల్ బోల్టులు, వాటికి 10 అని ముద్ర ఉన్న నట్టులు, గట్టిపరిచిన చదును వాషర్లు. బోల్టు 10.9 వేసి నట్టు మామూలుది వేస్తే మరలు నట్టులోనే రాలిపోతాయి. బోల్టు పొడవు ఎంచుకునేటప్పుడు ఒక విషయం గమనించండి. హుక్కూ ఛాసిస్ కలిసే చోట, అంటే కోత పడే చోట, మరలు లేని నున్నటి కాడ ఉండాలి. ఎం12 కాడ అడ్డకోత 113 చదరపు మిల్లీమీటర్లు. మరలున్న చోట అది 84.3 మాత్రమే. మరలు కోత పడే చోటికి వస్తే బలంలో నాలుగో వంతు పోయినట్లే. అందుకే తల దాకా మరలున్న బోల్టును కొనవద్దు. నట్టు బిగించాక బయటికి రెండు మూడు మరలు కనబడితే చాలు.

గాజువాక ఆటోనగర్‌లో బోల్టులు తూకానికి అమ్మే దుకాణాలలో అన్ని రకాలూ ఒకే డబ్బాలో కలిసి ఉండడం నేను చూశాను. దయచేసి ఒక్కొక్క బోల్టునూ వెలుగులో పట్టుకుని తల చదివి తీసుకోండి. ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే నా బల్ల మీద ఒక తెగిన బోల్టు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరం మీద పడిన తరువాతి వారంలో, పడిపోయిన చెట్లను మా వీధి కుర్రాళ్లు జీపులకు గొలుసులు కట్టి ఈడుస్తుంటే, ఒక జీపు వెనక కొక్కెం ఊడి, గొలుసుతో సహా గాలిలోకి లేచి, ఎదురింటి ఇనుప గేటుకు సొట్ట పెట్టి పడింది. గేటు దగ్గర అంతవరకు నిలబడిన పిల్లవాడు మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లబట్టి బతికాడు. ఆ బోల్టు తెగిన ముఖాన్ని చూస్తే సగం గోధుమ రంగులో తుప్పు పట్టి, సగం కొత్త నాణెంలా మెరుస్తూ ఉంది. తుప్పు పట్టిన సగం ఎన్నడో పగిలింది. మిగిలిన సగం మీదే ఆ బండి ఎన్నాళ్లో తిరిగింది. తల మీద ఏ అంకే లేదు.

బిగింపు ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. ఎం12 సైజు 10.9 బోల్టును సరిగా బిగిస్తే అది రెండు ఇనుములనూ దాదాపు 5 టన్నుల బలంతో అదిమి పట్టుకుంటుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే మొదట లాగుడును మోస్తుంది; హుక్కు జారితేనే బోల్టు మీద కోత పడుతుంది. బోల్టు వదులైతే ప్రతి కుదుపుకూ హుక్కు జారి, రంధ్రం కోలగా అరిగి, బోల్టుకు సుత్తిదెబ్బ తగిలినట్లు తగులుతుంది. హుక్కు కింద మందంగా పెయింటు, రబ్బరు ముక్క, అట్ట ప్యాకింగ్ ఏవీ ఉండకూడదని చెప్పేది ఇందుకే. అవి కొన్నాళ్లకు నలిగి పలచబడతాయి, బిగువు పోతుంది. ఇనుము మీద ఇనుము కూర్చోవాలి. పలచటి ప్రైమరు ఒక్క పూత చాలు. స్ప్రింగ్ వాషరు ఈ బిగువుకు చదునుగా నలిగిపోతుంది కాబట్టి ప్రయోజనం లేదు.

పొడి మరల మీద ఈ బోల్టుకు సుమారు 120 న్యూటన్ మీటర్ల టార్క్ (పానాతో తిప్పే బలం) సరిపోతుంది. మరలకు నూనె గాని గ్రీజు గాని రాస్తే అంతే టార్క్‌కు బోల్టు మీద బిగువు ఎక్కువ పడుతుంది, కాబట్టి తగ్గించాలి. హుక్కుతోనో బ్రాకెట్‌తోనో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. టార్క్ రెంచ్ ఉన్న వర్క్‌షాపులోనే పని చేయించండి. అది ఎంత బిగువో ఊహకు అందాలంటే, 30 సెంటీమీటర్ల పొడవున్న పానా చివర 40 కిలోల బరువు వేలాడదీసినంత. చిన్న పానాతో మణికట్టు బలంతో బిగించినది దానికి దరిదాపుల్లోకి కూడా రాదు.

కంపెనీ రంధ్రాలు కుదరక కొత్తవి వేయవలసి వస్తే మరికొంత ఓర్పు కావాలి. ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి. ఛాసిస్ లోపల, వెనక ఏ బ్రేకు గొట్టం, ఏ ఇంధన గొట్టం, ఏ వైర్ల కట్ట పోతోందో చూడకుండా డ్రిల్లు పెట్టనివ్వకండి. పట్టీ పై అంచుకూ కింది అంచుకూ రంధ్రాలు వేయకూడదు, ఛాసిస్ వంగకుండా ఆపే బలం అక్కడే ఎక్కువ ఉంటుంది. నిలువు పక్కకే వేయాలి. అంచు నుంచి కనీసం రంధ్రం వెడల్పుకు రెండింతల దూరం ఉండాలి. మొదట 5, తరువాత 8, చివరకు 13 మిల్లీమీటర్ల బిట్టుతో, కోత నూనె పోస్తూ వేయాలి. గ్యాస్ కటింగ్‌తో రంధ్రం కాలుస్తానంటే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి. రంధ్రం అంచున మిగిలే పదునైన రేకును ఆకురాయితో తీసి, జింకు ఎక్కువగా ఉన్న ప్రైమరు పూయించాలి; మన సముద్రపు గాలికి ఆ వట్టి అంచు ఒక్క వానాకాలంలో తుప్పు పట్టిపోతుంది.

ఛాసిస్ పట్టీ నాలుగు పక్కలా మూసిన పెట్టెలా ఉంటే ఇంకో చిక్కు ఉంది. రెండు పక్కలనూ దాటే పొడవైన బోల్టు వేసి బిగిస్తే పెట్టె లోపలికి నొక్కుకుపోతుంది, బిగువు ఎన్నటికీ నిలవదు. దానికి లోపల మందపాటి గొట్టపు ముక్క పెట్టాలి. దాని పొడవు పెట్టె లోపలి వెడల్పుకు సరిగ్గా సరిపోవాలి, బోల్టు దాని గుండా పోవాలి. ఒక పక్కకే బిగించేటట్లయితే నట్టులు వెల్డు చేసిన పలక ఒకటి ముందే తయారుచేసుకుని, దానికి సన్నటి తీగ కట్టి, ఛాసిస్ కొన నుంచి లోపలికి పంపి రంధ్రం దగ్గరకు లాక్కోవచ్చు. అయితే 10 తరగతి నట్టుకు వెల్డింగ్ వేడి తగిలితే అది కూడా బలం కోల్పోతుంది. వెల్డింగ్‌కు పనికివచ్చే నట్టులు వేరుగా ఉంటాయి, వాటినే అడగండి. వీలైనంతవరకు గొట్టపు ముక్క పద్ధతే నాకు నచ్చుతుంది, ఎందుకంటే దానిలో నట్టు కంటికి కనబడే చోట, పానాకు అందే చోట ఉంటుంది.

పని అయ్యాక ప్రతి నట్టు మీద నుంచి ఇనుము మీదికి తెల్లరంగుతో ఒక సన్నని గీత గీయించుకోండి. నట్టు కదిలితే గీత విరిగి కనబడుతుంది. 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ మళ్లీ చూడాలి. ఒక పెద్ద లాగుడు తరువాత చుట్టూ పెయింటు పగిలిందా, హుక్కు నోరు తెరుచుకుందా చూడండి. అనుమానం ఉంటే ఎర్రటి ద్రవం పూసి, తుడిచి, తెల్లటి పొడి చల్లే పరీక్ష చేయించండి. వెంట్రుకంత పగులున్నా తెల్లటి దాని మీద ఎర్రటి గీతగా బయటపడుతుంది. వెల్డింగ్ తనిఖీ చేసేవాళ్ల దగ్గర ఆ మూడు డబ్బాలూ ఉంటాయి, పని అరగంట దాకా పట్టవచ్చు.

ప్రశ్న: మా ఇల్లు బీచ్ రోడ్డుకు దగ్గర. బండి కింద మామూలు బోల్టులన్నీ రెండేళ్లలో తుప్పు పట్టాయి. హుక్కులకు స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు వేస్తే ఆ బెడద ఉండదు కదా? 12.9 బోల్టులు మరింత గట్టివని కూడా విన్నాను.
— ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

సమాధానం: మీ బాధ నాకు తెలుసు, మన తీరంలో బండి కింద భాగం ఎంత త్వరగా పాడవుతుందో లోపలి ఊళ్లవారు నమ్మరు. అయినా స్టెయిన్‌లెస్ ఇక్కడ పనికిరాదు. దుకాణాలలో దొరికే స్టెయిన్‌లెస్ బోల్టు తల మీద సాధారణంగా ఏ2-70 అని ఉంటుంది. ఆ 70 అంటే తెగే బలం 700. శాశ్వతంగా సాగడం 450 దగ్గరే మొదలవుతుంది. 10.9 బోల్టుకు అది 900, అంటే సరిగ్గా సగం. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద బిగిసేటప్పుడు మరలు ఒకదానికొకటి అతుక్కుని పట్టేసే గుణం కూడా ఉంది. పానాకు గట్టిగా తగులుతుంది, బిగిసిందనుకుంటాం, లోపల బిగువు ఉండదు. పైగా ఉప్పు తేమలో స్టెయిన్‌లెస్, మామూలు ఉక్కు ఆనుకుని ఉంటే తుప్పు పట్టేది మామూలు ఉక్కుకే, అంటే మీ ఛాసిస్‌కే.

మీరు అడగవలసింది జింక్ ఫ్లేక్ పూత ఉన్న 10.9 బోల్టులు. ఇవి చూడటానికి మెరుపు లేని బూడిద రంగులో ఉంటాయి. నల్ల బోల్టులు కొని దగ్గరలోని ప్లేటింగ్ షాపులో జింకు పూత వేయించుకుందామని మాత్రం అనుకోవద్దు. ప్లేటింగ్‌కు ముందు ఆమ్లంలో ముంచి శుభ్రం చేసేటప్పుడూ, ఆ తరువాత ప్లేటింగ్ తొట్టిలోనూ పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడుతుంది. ప్లేటింగ్ అయిన వెంటనే గంటల తరబడి కొలిమిలో ఉంచి దాన్ని వెళ్లగొట్టాలి. ఆ పని చేయకపోతే బోల్టు బిగించిన కొన్ని గంటలకో రోజులకో, ఎవరూ ముట్టుకోకుండానే పుటుక్కున తెగుతుంది. ఉక్కు ఎంత గట్టిదైతే ఈ ప్రమాదం అంత ఎక్కువ. 12.9 వద్దనడానికి మొదటి కారణం ఇదే. వారానికి ఒకసారి మంచినీళ్లతో కింద భాగం కడిగించండి, ఆరాక బోల్టు తలల మీదా నట్టుల మీదా మైనపు పూత వేయించండి. నెల నెలా కంటితో చూడటానికి వీలుగా ఆ పూత పలచగా ఉండాలి.

ప్రశ్న: హుక్కులు బిగించుకున్నాం. తాడు ఎలా కట్టాలి, ఎలా లాగాలి? ఒక్క హుక్కు చాలా, రెండింటికీ కట్టాలా?
— ఇద్దరు స్నేహితులు, పెందుర్తి

సమాధానం: బురదలో కూరుకున్న బండికి వీలైతే రెండు హుక్కులకూ కలిపి చీలిక బెల్టు (ఒక్కో కొన ఒక్కో హుక్కుకు తగిలించే బెల్టు) వేసి, దాని మధ్య నుంచి తాడు తీయండి. అయితే ఆ బెల్టు పొట్టిగా ఉండకూడదు. రెండు కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలుంటే ఒక్కో హుక్కు మీద మొత్తం లాగుడులో 58 శాతం పడుతుంది. 90 డిగ్రీలైతే 71 శాతం. 120 డిగ్రీలకు చేరితే ఒక్కో హుక్కూ మొత్తం లాగుడునూ మోస్తుంది, రెండు హుక్కులున్న ప్రయోజనమే పోతుంది. పైగా అప్పుడు రెండు ఛాసిస్ కొనలనూ లోపలికి వంచే బలం పడుతుంది. బెల్టు పొడవుగా ఉండి, కోణం 60 లోపు ఉండేటట్లు చూసుకోండి. లాగే బండి వీలైనంత తిన్నగా ఎదురుగా ఉండాలి. పక్కకు లాగితే హుక్కు బోల్టుల చుట్టూ మెలి తిరుగుతుంది. ఇంతవరకు చెప్పిన బలాలు దానికి వర్తించవు.

దూరం నుంచి వేగంగా వచ్చి కుదుపు ఇవ్వాలంటే నైలాన్ సాగే తాడు మాత్రమే వాడాలి. అది సాగుతూ బలాన్ని దాచుకుని మెల్లగా ఇస్తుంది. ఇనుప గొలుసుకు, వైరు తాడుకు సాగే గుణం దాదాపు లేదు. కుదుపు మొత్తం ఒక్కసారిగా బోల్టుల మీద పడుతుంది. గొలుసుతో లాగక తప్పకపోతే ముందు బిగువు చేసుకుని, నడక వేగానికి మించకుండా లాగండి. తాడు తెగే బలం తేలికైన బండి మొత్తం బరువుకు రెండు మూడింతలు ఉండాలని సాధారణ నియమం. రెండు తాళ్లను కలపవలసి వస్తే మధ్యలో ఇనుప షాకిల్ పెట్టవద్దు, తెగితే అది తుపాకీ గుండే. ఒక కన్నులోంచి మరొక తాడును దూర్చి ముడివేసుకోవచ్చు, లేదా తాడుతో అల్లిన మెత్తటి షాకిల్ వాడవచ్చు.

ఇనుప షాకిల్ వాడేచోట దాని మీద పని బరువు చెక్కి ఉండాలి. మూడు పావుల అంగుళం షాకిల్ మీద 4.75 టన్నులు అని ఉంటుంది, మీ బండ్లకు అది సరిపోతుంది. సంతలో దొరికే ముద్ర లేని షాకిల్ పందిరి గుంజకు కట్టుకోవడానికి సరే, బండికి వద్దు. పిన్నును చేత్తో పూర్తిగా బిగించి ఒక పావు చుట్టు వెనక్కి తిప్పండి, లేకపోతే లాగుడు తరువాత పట్టేస్తుంది. తాడు మధ్యలో బరువైన దుప్పటో తడి గోనెసంచో వేయండి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలోకి మనుషులెవరూ రాకుండా ఒకరిని కాపలా పెట్టండి. కొండ దారుల్లో బండి ఇరుక్కోగానే పిల్లలు చుట్టూ మూగుతారు. వాళ్లను దూరంగా పంపేదాకా క్లచ్ వదలవద్దు. అన్నిటికంటే ముందు పారతో చక్రాల ముందు మట్టి తీయండి. పావుగంట తవ్వితే హుక్కు మీద పడే భారం ఎంతో తగ్గిపోతుంది.

ప్రశ్న: మాకు కాఫీ తోట ఉంది. పాత జీపుకు వెనక ట్రెయిలరు బంతి ఉంది. ఇరుక్కున్న బండ్లను దానికే కట్టి లాగుతున్నాం. ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు. హుక్కు వేరే అవసరమా?
— ఒక రైతు, పాడేరు ప్రాంతం, అల్లూరి సీతారామరాజు జిల్లా

సమాధానం: అవసరమే, ఈ వారమే మార్చండి. బంతి నిలకడగా దొర్లే ట్రెయిలరును లాగడానికి చేసినది. కుదుపు వచ్చినప్పుడు దాని సన్నటి కాడ దగ్గర వంపు బలం పడి, ఒక్కసారిగా తెగి ఎగురుతుంది. ఆస్ట్రేలియాలో ఇలా ఎగిరిన బంతులు తగిలి మనుషులు చనిపోయారు, ఒకరు కాదు. మీ జీపు ఛాసిస్ తెరిచిన కాలువలా ఉంటుంది కాబట్టి మీ పని మధురవాడ పాఠకుడి కంటే సులువు. గొట్టపు ముక్కల అవసరం లేదు, నట్టు కంటికి కనబడుతుంది. కాలువ లోపలి వైపు 6 మిల్లీమీటర్ల పలక ఆనించి, హుక్కు బోల్టులు రెండింటినీ దాని గుండా తీయండి. పాత ఛాసిస్ కదా, ముందు సుత్తితో తట్టి చూడండి. ఖంగుమనాలి, మొద్దుగా పలికి పొరలు రాలితే, కొక్కెం ఆలోచన పక్కన పెట్టి ఛాసిస్ బాగుచేయించాలి.

ప్రశ్న: హుక్కులు వేస్తే పోలీసులు గాని రవాణా శాఖ గాని ఆపుతారా?
— ఒక పాఠకుడు, గోపాలపట్నం

సమాధానం: మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి ఒప్పుకోదు. ముందు బిగించే ఇనుప గార్డులను ఈ సెక్షన్ కిందే కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో తప్పుపట్టింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందుచేత బండి కంపెనీ అధీకృత ఉపకరణంగా అమ్మే హుక్కునే, బిల్లుతో సహా, వేయించుకోవడం మంచిది. బయటి హుక్కు వేయాలనుకుంటే ముందుగా రవాణా కార్యాలయంలో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ఏదైనా సరే, హుక్కు బంపరు కంటే ముందుకు పొడుచుకు రాకూడదు. జగదాంబ కూడలిలో రోడ్డు దాటే మనిషి మోకాలికి సరిగ్గా ఆ ఎత్తులోనే అది తగులుతుంది.

ప్రశ్న: నాది చిన్న కారు. టూల్ కిట్‌లో మర ఉన్న ఒక ఇనుప కన్ను ఇచ్చారు. దానితో స్నేహితుల కారును బురదలోంచి లాగవచ్చునా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

సమాధానం: లాగకండి. అది చెడిపోయిన మీ కారును చదును రోడ్డు మీద మెల్లగా తీసుకుపోవడానికి ఇచ్చినది. బురద లాగుడుకూ, పక్క లాగుడుకూ దాని మర తట్టుకోదు. అవసరం పడ్డప్పుడు బంపరు మీద చిన్న మూత తీసి దాన్ని బిగిస్తారు. కొన్ని కార్లలో దాని మర ఎడమకు తిరుగుతుంది. కుడికి తిప్పి పట్టలేదని బలవంతం చేస్తే మర చెడుతుంది. వర్షంలో, చీకట్లో ఆ అవసరం పడకముందే, ఈ ఆదివారం ఇంటి ముందు ఒకసారి బిగించి చూడండి. ఆఖరి మర దాకా, కన్ను మెడ బండికి ఆనేదాకా వెళ్లాలి; సగంలో ఆగితే లోపల మట్టో తుప్పో ఉంది, దాన్ని శుభ్రం చేయించండి.